పండుగ పార్సిల్: ఆలస్యమా, పోయిందా?

సూరత్ అనగానే దేశమంతటికీ గుర్తొచ్చేవి చీరలు, వజ్రాలు. ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు మాత్రం ఇంకొకటి కూడా గుర్తొస్తుంది. అది ఊరికి పంపే పార్సిల్. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి మగ్గాల పని మీద వచ్చిన కుటుంబాలు లింబాయత్, ఉధనా వైపు తరాలుగా ఉంటున్నాయి. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీలతో పాటు తెలుగు మాధ్యమంలో కూడా ప్రాథమిక పాఠశాలలు నడుపుతున్నదంటే మనవాళ్లు ఇక్కడ ఎంతమంది ఉన్నారో ఊహించుకోవచ్చు.

ఇల్లు ఇక్కడ, ఊరు అక్కడ. అందుకే ఈ రెండింటి మధ్య ఏడాది పొడవునా ఏదో ఒకటి ప్రయాణం చేస్తూనే ఉంటుంది. శ్రావణంలో రాఖీ, బతుకమ్మకు చీర, దీపావళికి పిల్లల బట్టలు, సంక్రాంతికి సకినాలు, అమ్మమ్మ పెట్టిన మామిడికాయ పచ్చడి, కాలేజీలో చేరడానికి కావలసిన కుల ధ్రువీకరణ పత్రం. వీటిలో కొన్ని ఆలస్యమైతే మనసు నొచ్చుకుంటుంది, అంతే. కొన్ని ఆలస్యమైతే ఒక సీటు పోతుంది, లేదా ఇంట్లో చీరలు అమ్ముకునే అమ్మకు ఆ నెల పెట్టుబడి పోతుంది.

పార్సిల్ రాకపోతే మన ఇళ్లలో సాధారణంగా రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి "వస్తుందిలే", రెండోది "పోయినట్టే". ఈ రెండు మాటల మధ్య చేయవలసిన పని చాలా ఉంది. పార్సిల్ గాలిలో కలిసిపోదు. అది ఏదో ఒక చోట ఆగి ఉంటుంది, లేదా ఎవరో ఒకరి చేతికి చేరి ఉంటుంది. చేతులు మారిన ప్రతిచోటా ఒక గుర్తు పడుతుంది. ఆ గుర్తులను చదవడం, రసీదును దాచుకోవడం, గడువు దాటకముందే రాతపూర్వకంగా అడగడం తెలిసినవారికి పార్సిల్ గాని, దాని విలువలో కొంత గాని తిరిగి దక్కే అవకాశం ఉంటుంది. ఆ పద్ధతి ఏమిటో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

పండుగల్లోనే ఎందుకు ఆలస్యం?

మామూలు రోజుల్లో పార్సిల్ ఒక చేతి నుంచి ఇంకో చేతికి లెక్క ప్రకారం వెళ్తుంది. పండుగ ముందు అందరూ ఒకేసారి పంపుతారు. కాని లారీలు, రైలు పెట్టెలు, వాటిని వేరు చేసే మనుషులు ఒక్కసారిగా పెరగరు. ఒక చోట మూటలు పేరుకుపోతే ఆ వెనక వచ్చేవన్నీ ఆగుతాయి. రోడ్డు మీద ఒక్క లారీ ఆగితే వెనక వరుస కట్టినట్టే ఇదీ.

సూరత్‌కు ఇంకొక ప్రత్యేకత ఉంది. దీపావళికి ముందు రింగ్ రోడ్డు బట్టల మార్కెట్ల నుంచి దేశం నలుమూలలకూ సరుకు వెళ్తుంది. దీపావళి దాటాక చాలా దుకాణాలు, ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులు మూతపడి లాభ్ పాంచమ్ నాటికి, అంటే కార్తీక శుద్ధ పంచమికి, తిరిగి తెరుచుకుంటాయి. ఈ మధ్య రోజుల్లో మీ మూట గోదాములో భద్రంగానే ఉన్నా కదలదు. సంక్రాంతికి కూడా ఇలాంటి చిక్కే. ఇక్కడ ఉత్తరాయణ్ అని జనవరి 14, 15 తేదీల్లో పతంగులు ఎగురవేస్తారు. అక్కడ భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ పండుగే. పంపే ఊరిలోనూ, అందుకునే ఊరిలోనూ ఒకేసారి సెలవులు వస్తాయన్నమాట. రాఖీ వానాకాలంలో వస్తుంది. అప్పుడు వరదలకు రైళ్లు, లారీలు దారి మళ్లుతాయి, కాగితపు కవరు తడుస్తుంది.

కాబట్టి మొదటి సూత్రం ఇది: పండుగ తేదీని కాదు, పండుగకు ముందు వచ్చే చివరి పనిదినాన్ని లెక్క పెట్టుకోవాలి. అక్కడి నుంచి వెనక్కి కనీసం పది రోజులు వదిలి పంపితే చాలా చిక్కులు తప్పుతాయి.

చిరునామాలో ఆరు అంకెలు

పండుగ రద్దీలో పార్సిల్‌ను తప్పుదారి పట్టించేది చాలాసార్లు చిరునామాయే. మన దేశంలో ఒకే పేరున్న ఊళ్లు ఎన్నో. కొత్తపల్లి, రామాపురం అనే ఊళ్లు తెలుగు జిల్లాల్లో చాలాచోట్ల ఉన్నాయి. పైగా ఒక్కొక్కరు ఒక్కొక్క భాషలో రాస్తారు. తాతయ్య తెలుగులో రాసిన చిరునామాను సూరత్‌లో ఉత్తరాలు వేరు చేసే ఉద్యోగి చదవలేకపోవచ్చు. ఈ సమస్యకు పరిష్కారంగానే 1972 ఆగస్టు 15న పిన్ కోడ్ పద్ధతి మొదలైంది. దాని రూపకర్త శ్రీరామ్ భికాజీ వేలంకర్. ఆయన కేంద్ర కమ్యూనికేషన్ల శాఖలో ఉన్నతాధికారి, సంస్కృత కవి కూడా.

పిన్ కోడ్‌లో మొదటి అంకె మండలాన్ని చెబుతుంది. 3 అంటే గుజరాత్, రాజస్థాన్ వైపు. 5 అంటే తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, కర్ణాటక. 9 సైనిక తపాలాకు. మొదటి మూడు అంకెలు కలిపి చూస్తే ఉత్తరాలు ఏ జిల్లా కేంద్రానికి చేరి విడిపోవాలో తెలుస్తుంది. చివరి మూడు అంకెలు బట్వాడా చేసే పోస్టాఫీసువి. ఉదాహరణకు 505301 సిరిసిల్లది.

సూరత్‌లో ఒక మెలిక ఉంది. నగరంలోని చాలా ప్రాంతాల పిన్ 395తో మొదలవుతుంది. కాని ఉధనా నగరంలోనే ఉన్నా దాని పిన్ 394210. "సూరత్ కదా, 395 అయి ఉంటుంది" అని ఊరి నుంచి బంధువులు ఊహించి రాస్తే మూట ముందు వేరే పోస్టాఫీసుకు వెళ్లి, అక్కడి నుంచి మళ్లీ దారి మళ్లాలి. మామూలు రోజుల్లోనే ఇది ఆలస్యం. పండుగ రద్దీలో చెప్పనే అక్కర్లేదు.

ఇంకో చిక్కు మన సొంత రాష్ట్రాల నుంచి వస్తుంది. 2016 అక్టోబరులో తెలంగాణలోని 10 జిల్లాలు 31 అయ్యాయి. సిరిసిల్ల అప్పుడే రాజన్న సిరిసిల్ల జిల్లా కేంద్రమైంది. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లోని 13 జిల్లాలు 26 అయ్యాయి. ముప్పై ఏళ్ల క్రితం ఊరు వదిలి వచ్చిన మన పెద్దలు ఇప్పటికీ పాత జిల్లా పేరే రాస్తారు. అందులో తప్పులేదు. పిన్ కోడ్ సరిగ్గా ఉంటే జిల్లా పేరు పాతదైనా మూట చేరుతుంది. పిన్ తప్పయితే జిల్లా పేరు ఎంత సరిగ్గా రాసినా తిప్పలే.

2025 మే నెలలో తపాలా శాఖ డిజిపిన్ అనే కొత్త పద్ధతిని విడుదల చేసింది. దేశాన్ని సుమారు నాలుగు మీటర్ల చదరపు గళ్లుగా విభజించి, ఒక్కో గడికి పది అక్షరాంకెల గుర్తు ఇచ్చారు. దీన్ని తయారు చేయడంలో ఐ.ఐ.టి. హైదరాబాద్ పాలుపంచుకుంది. ఇది పిన్ కోడ్‌కు తోడుగా వచ్చింది. కాబట్టి ఆరు అంకెల పిన్ రాయడం మానకూడదు.

రసీదు మీది పదమూడు గుర్తులు

స్పీడ్ పోస్టు రసీదు మీద మొదట రెండు ఇంగ్లీషు అక్షరాలు, తర్వాత తొమ్మిది అంకెలు, చివర ఐ, ఎన్ అనే రెండు అక్షరాలు ఉంటాయి. ప్రపంచ తపాలా సమితి అన్ని దేశాలకూ ఒకే రకంగా నిర్ణయించిన పద్ధతి ఇది. మొదటి అక్షరం ఇ అయితే స్పీడ్ పోస్టు, సి అయితే పార్సిల్, ఆర్ అయితే రిజిస్టర్డ్. చివరి రెండు అక్షరాలు దేశాన్ని చెబుతాయి.

తొమ్మిది అంకెల్లో మొదటి ఎనిమిదే అసలు సంఖ్య. తొమ్మిదవది కాపలా అంకె. ఎవరైనా సంఖ్యను తప్పుగా చదివితే, తప్పుగా కొడితే అది పట్టిస్తుంది. లెక్క ఇలా చేయాలి. ఎనిమిది అంకెలను వరుసగా 8, 6, 4, 2, 3, 5, 9, 7 లతో గుణించి మొత్తం కూడాలి. మొత్తాన్ని 11తో భాగించి శేషం తీయాలి. ఆ శేషాన్ని 11 నుంచి తీసివేయగా వచ్చేదే కాపలా అంకె. జవాబు 10 వస్తే 0 అనీ, 11 వస్తే 5 అనీ రాయాలి.

ఉదాహరణకు 12345678 తీసుకుందాం. 8, 12, 12, 8, 15, 30, 63, 56 కూడితే 204. దాన్ని 11తో భాగిస్తే శేషం 6. 11 నుంచి 6 తీస్తే 5. కాబట్టి పూర్తి సంఖ్య 123456785. ఇప్పుడు పొరపాటున మొదటి రెండు అంకెలు తారుమారు చేసి 21345678 అని రాశామనుకోండి. మొత్తం 206, శేషం 8, కాపలా అంకె 3 రావాలి. రసీదు మీద 5 ఉంది. తప్పు దొరికిపోయింది!

31415926కు కాపలా అంకె ఎంతో మీరు కట్టి చూడండి. 8 రావాలి.

"మీ నంబరు వివరాలు లేవు" అని వెబ్‌సైటు చెప్పగానే పార్సిల్ పోయిందని కంగారు పడకండి. ముందు ఈ లెక్క వేయండి. ఫోనులో మామయ్య చదివి వినిపించిన నంబరులో ఒక అంకె తేడా ఉండవచ్చు.

ఆలస్యమా, పోయిందా? తేడా ఎలా తెలుస్తుంది?

ట్రాకింగ్‌లో కనిపించే వరుసను ఒక కథలా చదవాలి. మొదట బుకింగ్. తర్వాత సంచిలో వేయడం. ఆ సంచి బయలుదేరడం. వేరుచేసే కేంద్రానికి చేరడం. అక్కడి నుంచి మళ్లీ బయలుదేరడం. బట్వాడా పోస్టాఫీసుకు చేరడం. పోస్ట్‌మ్యాన్ చేతికి ఇవ్వడం. చివరికి బట్వాడా. చివరి గుర్తు ఎక్కడ పడిందో అదే మన ప్రశ్నకు మొదలు.

చివరి గుర్తు "బుకింగ్" దగ్గరే రెండు మూడు పనిదినాలుగా ఆగి ఉంటే, మూట ఇంకా పంపిన పోస్టాఫీసులోనే ఉండవచ్చు. పంపినవారే వెళ్లి అడగాలి. "బయలుదేరింది" అని ఉండి ఎక్కడా చేరినట్టు లేకపోతే అది దారిలో ఉందన్నమాట. పండుగ రోజుల్లో ఈ ఖాళీ ఎక్కువగా కనిపిస్తుంది, చాలావరకు ఆలస్యమే. ఒక కేంద్రానికి "చేరింది" అని ఉండి, పండుగ సెలవులు ముగిసి వారమైనా అక్కడి నుంచి కదలకపోతే ఫిర్యాదు చేయాలి. ఒకే రెండు కేంద్రాల మధ్య అటూ ఇటూ తిరుగుతుంటే పిన్ కోడ్ తప్పయి ఉండవచ్చు.

"తలుపు వేసి ఉంది" అనో, "చిరునామా సరిపోలేదు" అనో వస్తే ఆ రోజే కదలాలి. అలాంటి మూటను పోస్టాఫీసులో సాధారణంగా ఏడు రోజులు ఉంచి, ఆ తర్వాత పంపినవారికి తిప్పి పంపేస్తారు. మగ్గాల పనికి వెళ్లే ఇళ్లలో పగలు ఎవరూ ఉండకపోవడం మామూలే. గుర్తింపు కార్డు తీసుకుని పోస్టాఫీసుకు వెళ్తే అక్కడే ఇచ్చేస్తారు.

"బట్వాడా అయింది" అని ఉండి చేతికి రాకపోతే ముందు ఇంట్లోవాళ్లను, పక్కింటివాళ్లను, సొసైటీ కాపలాదారును అడగండి. ఎవరికీ తెలియదంటే వెంటనే రాతపూర్వకంగా బట్వాడా వివరాలు, సంతకం చేసినదెవరో చూపమని కోరండి. ఇక్కడ రోజులు గడిచేకొద్దీ జ్ఞాపకాలు చెరిగిపోతాయి.

పంపినవారి చిరునామా లేక, అందుకునేవారూ దొరకని మూటలు ఏమవుతాయి? వాటికోసం తపాలా శాఖలో రిటర్న్‌డ్ లెటర్ ఆఫీసు అని ప్రత్యేకంగా ఉంటుంది. అక్కడ అధికారులు మూట విప్పి, లోపల ఏదైనా చిరునామా దొరుకుతుందేమో చూస్తారు. అందుకే మూట లోపల కూడా ఒక చీటీ మీద రెండు చిరునామాలు, ఫోను నంబరు రాసి పెట్టాలి. పైన అంటించిన కాగితం వానకు ఊడిపోయినా లోపలి చీటీ మాట్లాడుతుంది.

పంపే ముందు

1. లోపలి వస్తువును, మూసిన మూటను, రసీదును ఫోనులో ఫోటో తీసుకోండి. రసీదు మీది సిరా కొన్నాళ్లకు వెలిసిపోతుంది.

2. చిరునామాను ఇంగ్లీషులో గాని హిందీలో గాని పెద్ద అక్షరాలతో రాయండి. తెలుగులో కూడా రాస్తే ఊరిలో పోస్ట్‌మ్యాన్‌కు సాయం. ఫోను నంబరు తప్పనిసరి.

3. పచ్చడి, నెయ్యి, నూనె కారితే మీ మూటతో పాటు పక్కవారి మూట కూడా పాడవుతుంది. ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, మూతకు టేపు చుట్టి, రెండు కవర్లలో వేసి, చుట్టూ పాత బట్టలు కుక్కండి. గాజు సీసా వద్దు.

4. టపాసులు, అగ్గిపెట్టెలు తపాలాలో పంపడం నిషిద్ధం. పవర్ బ్యాంకు లాంటి బ్యాటరీ వస్తువులను విమానంలో వెళ్లే మూటల్లో ఆపేస్తారు. "మూట ఎందుకు ఆగిందో తెలియదు" అన్నచోట చాలాసార్లు కారణం ఇదే.

5. విలువైన వస్తువుకు విలువ చెప్పి బీమా చేయించండి. స్పీడ్ పోస్టులో ఏళ్లుగా నడుస్తున్న నియమం ప్రకారం, ఆలస్యమైతే కట్టిన రుసుము తిరిగి ఇస్తారు. వస్తువు పోతే రుసుముకు రెట్టింపు గాని 1,000 రూపాయలు గాని, రెండింటిలో ఏది తక్కువైతే అది ఇస్తారు. 80 రూపాయలు కట్టి 5,000 రూపాయల పట్టుచీర పంపారనుకోండి. అది పోతే 160 రూపాయలు వస్తాయి. బీమా విలువ అప్పుడు తెలుస్తుంది.

6. అసలు ధ్రువపత్రాలను వీలైనంతవరకు పంపకండి. డిజిలాకర్‌లో దొరికే పత్రాలు చట్టం దృష్టిలో అసలు పత్రాలతో సమానం. పంపక తప్పకపోతే ముందే స్కాన్ చేసి దాచండి.

ఈ చివరి జాగ్రత్త కొత్తదేమీ కాదు. ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో, 1613లో సూరత్‌లో వర్తక స్థావరాలు పెట్టింది. ఆ రెండు ఊళ్ల మధ్య ఉత్తరాలను కాలినడకన వార్తాహరులు మోసేవారు. సముద్రం మీద పంపే ముఖ్యమైన ఉత్తరాలకు కంపెనీవారు నకళ్లు రాయించి వేర్వేరు ఓడల్లో వేసేవారు. ఒక ఓడ మునిగినా ఇంకొకటి చేరుతుందని. మన తెలుగు తీరానికీ ఈ సూరత్‌కూ మధ్య ఉత్తరాల రాకపోకలు నాలుగు వందల ఏళ్లనాటివి. పోతాయేమోనన్న భయమూ అంతే పాతది.

రాకపోతే ఎవరిని అడగాలి?

పార్సిల్ ఏ దారిన వెళ్లిందన్న దాన్ని బట్టి అడగవలసిన చోటు, గడువు మారతాయి.

తపాలా ద్వారా పంపితే: ఏ పోస్టాఫీసులోనైనా, తపాలా శాఖ వెబ్‌సైటులోనైనా, 1800 266 6868 నంబరుకైనా ఫిర్యాదు చేయవచ్చు. ఫిర్యాదు సంఖ్య తప్పక తీసుకోండి. జవాబు రాకపోతే కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్‌లో ఆ సంఖ్య రాసి మళ్లీ అడగవచ్చు. ఒక సంగతి గుర్తుంచుకోండి. 1898 నాటి తపాలా చట్టం స్థానంలో 2023 చట్టం వచ్చి, 2024 జూన్ 18 నుంచి అమలులో ఉంది. పాత చట్టమూ, కొత్త చట్టమూ తపాలా శాఖ బాధ్యతకు హద్దులు పెట్టాయి. కాబట్టి పోయాక పోరాడటం కన్నా పంపేటప్పుడు బీమా చేయడమే మేలు.

ఆన్‌లైన్‌లో కొంటే: 2020 నాటి ఇ-కామర్స్ నియమాల ప్రకారం ప్రతి అమ్మకపు వేదికకూ ఫిర్యాదుల అధికారి ఉండాలి. ఆ అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందిందని తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. చెప్పిన తేదీ దాటాక వస్తువు వస్తే, ప్రకృతి వైపరీత్యం లాంటి కారణం లేనప్పుడు, అమ్మినవారు వెనక్కి తీసుకోననీ డబ్బు ఇవ్వననీ అనడానికి వీల్లేదు. "కొరియర్‌వాళ్లను అడగండి" అని వారంటే మర్యాదగానే చెప్పండి: డబ్బు మీకు కట్టాం, జవాబు మీరే చెప్పాలి. అప్పటికీ కదలకపోతే 1915కు ఫోను చేయండి. ఇది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులోనూ గుజరాతీలోనూ మాట్లాడవచ్చు. అదీ ఫలించకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం మనం నివసించే ఊరిలోనే కేసు వేయవచ్చు. 5 లక్షల రూపాయల లోపు కొనుగోళ్లకు రుసుము లేదు. గడువు రెండేళ్లు. ఇంట్లో చీరలు అమ్ముకుంటూ స్వయం ఉపాధితో బతికేవారికి కూడా ఈ చట్టం వర్తిస్తుంది.

ట్రాన్స్‌పోర్ట్‌లో వేస్తే: బట్టల మూటలకు ఇక్కడివారు "బిల్టీ" అని ఇచ్చే కాగితమే ఆధారం. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం ప్రకారం, మూట పోయినా దెబ్బతిన్నా బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. నోటీసు లేకుండా కోర్టుకు వెళ్లడం కుదరదు. "సేట్ చూస్తానన్నాడు" అన్న మాట మీద ఆరు నెలలు గడిపేస్తే హక్కు జారిపోతుంది.

రైలులో వేస్తే: నవజీవన్ ఎక్స్‌ప్రెస్ సూరత్ నుంచి వరంగల్, విజయవాడల మీదుగా వెళ్తుంది. ఇలాంటి బండ్లలో పార్సిల్ వేసినప్పుడు రైల్వే రసీదు జాగ్రత్త. పోయిన సరుకుకు అప్పగించిన రోజు నుంచి ఆరు నెలల్లోపు రైల్వేకు దావా నోటీసు అందాలి. తర్వాతి మెట్టు రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్.

ఫిర్యాదు ఉత్తరం ఎలా ఉండాలి?

కోపం ఎంత ఉన్నా ఉత్తరంలో వివరాలే పని చేస్తాయి. నమూనా చూడండి.

"పోస్ట్‌మాస్టర్ గారికి,

విషయం: స్పీడ్ పోస్టు సంఖ్య ______ బట్వాడా కాకపోవడం గురించి.

అయ్యా / అమ్మా,

నేను ______ తేదీన ______ పోస్టాఫీసులో పై సంఖ్య గల మూటను ______ చిరునామాకు (పిన్ ______) పంపాను. రుసుము ______ రూపాయలు. లోపల ఉన్నవి: ______. విలువ ______ రూపాయలు. ట్రాకింగ్‌లో చివరి గుర్తు ______ తేదీన ______ దగ్గర కనిపించింది. ఆ తర్వాత ఏ వివరమూ లేదు. దయచేసి మూట ఎక్కడున్నదో విచారించి బట్వాడా చేయించగలరు. దొరకని పక్షంలో నియమాల ప్రకారం పరిహారం ఇప్పించగలరు. రసీదు నకలు జతపరిచాను.

ఇట్లు, భవదీయ, ______ (ఫోను: ______)"

ఇందులో తిట్టు లేదు, కన్నీళ్లు లేవు. సంఖ్య, తేదీ, చోటు, కోరిక ఉన్నాయి. సూరత్‌లో ఇచ్చేటప్పుడు ఇదే ఉత్తరం హిందీలో గాని, గుజరాతీలో గాని, ఇంగ్లీషులో గాని రాయండి. రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద అందినట్టు ముద్ర వేయించుకోండి.

పార్సిల్ పేరుతో మోసం

పండుగ రోజుల్లో అందరూ ఏదో ఒక మూట కోసం ఎదురుచూస్తుంటారని మోసగాళ్లకు తెలుసు. "మీ పార్సిల్ గోదాముకు చేరింది, చిరునామా సరిపోలేదు, 24 గంటల్లో ఈ లింకులో సరిచేయండి" అని తపాలా శాఖ పేరుతో సందేశం వస్తుంది. లింకు నొక్కితే అయిదో పదో రూపాయలు కట్టమంటుంది. ఆ చిన్న మొత్తం కోసం మనం ఇచ్చే కార్డు వివరాలే వారికి కావలసినది. ఇలాంటి సందేశాలు నకిలీవని కేంద్ర ప్రభుత్వ సమాచార విభాగం పీఐబీ హెచ్చరించింది.

కొండగుర్తు సులభం. నిజమైన పార్సిల్‌కు మీ దగ్గర సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యను మీరే అసలు వెబ్‌సైటులో కొట్టి చూడండి. వచ్చిన లింకును తెరవకండి. బట్వాడాకు వచ్చిన మనిషి ఎదురుగా నిలబడి మూట చూపితేనే ఓటీపీ చెప్పండి, ఫోనులో ఎవరడిగినా చెప్పకండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కు ఫోను చేయండి.

ఈ పని మీదే

ప్రియమైన విద్యార్థులారా, ఈ వ్యాసం మీకోసం రాయడానికి ఒక కారణం ఉంది. మన తెలుగు ఇళ్లలో చాలామంది పెద్దలకు మగ్గం మీద పోగు తెగితే చీకట్లో కూడా ముడి వేయడం వచ్చు. కాని హిందీ ఫారం నింపాలన్నా, ఇంగ్లీషు ట్రాకింగ్ చదవాలన్నా కేంద్ర ప్రభుత్వ పాఠశాలలో చదివే కొడుకో, కూతురో పక్కన ఉండాలి. మూడు భాషలు వచ్చిన మీరే ఆ ఇంటికి రాయసగాడు. "పోయినట్టేలే" అని అమ్మ వదిలేసిన చీరల మూట బిల్టీ తేదీ చూసి, 180 రోజులు ఇంకా దాటలేదని లెక్కగట్టి చెప్పవలసింది మీరే.

ఈ పండుగకు ఒక నోటుపుస్తకం తెరవండి. ఇంటి నుంచి వెళ్లిన, ఇంటికి రావలసిన ప్రతి పార్సిల్‌కు ఒక వరుస కేటాయించి తేదీ, సంఖ్య, పిన్, విలువ, చివరి గుర్తు రాయండి. పక్కింటి పిన్నిగారి రాఖీ కవరుకు కూడా ఒక వరుస ఇవ్వండి. మూట ఆలస్యమైతే ఎక్కడ ఆగిందో ఆ పుస్తకం చెబుతుంది. పోతే, అడగడానికి ఆధారం అదే అవుతుంది.